శేషాచలం అడవుల ఉపగ్రహ పరిశీలన

శేషాచలం అడవుల ఉపగ్రహ పరిశీలన అనగా తూర్పు కనుమల దక్షిణ భాగమైన శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండలలోని ఉష్ణమండల పొడి అడవులు వర్షానికి, ఎండకు, కరువుకు ఏ విధంగా స్పందిస్తున్నాయో కృత్రిమ ఉపగ్రహాల చిత్రాల ద్వారా తెలుసుకొనే అధ్యయనం. ఇది సుదూర గ్రహణం (రిమోట్ సెన్సింగ్) అనే శాస్త్రంలో ఒక భాగం. ఎర్రచందనం సహజంగా పెరిగే ఏకైక ప్రాంతం తూర్పు కనుమల దక్షిణ భాగమే కావడం వల్ల ఇక్కడి అడవుల పరిస్థితిని తెలుసుకొనడానికి ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది.

ఉపగ్రహం చూసేది అడవి పచ్చదనాన్నే గాని అడవి ఆరోగ్యాన్ని నేరుగా కాదు. ఆకురాల్చు అడవి వేసవిలో మోడువారడం సహజం, దానిని వినాశనంగా భావించరాదు. అలాగే వర్షాల తరువాత కనిపించే పచ్చదనమంతా చెట్లది కాకపోవచ్చును. కాబట్టి చిత్రం తీసిన తేదీ, అంతకు ముందు నెలలలో కురిసిన వర్షం, మనుషుల వల్ల కలిగిన మార్పు అనే మూడింటిని వేరుచేసిన తరువాతనే వాతావరణ ప్రభావాన్ని గురించి నిర్ణయానికి రావలసి ఉంటుంది.

భౌగోళిక నేపథ్యం

ఈ అధ్యయనానికి మంగంపేట పరిసరాలు మంచి ఉదాహరణ. మంగంపేట ఓబులవారిపల్లె మండలంలోని గ్రామం. పూర్వం కడప జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరినది. ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపాలకు ఈ గ్రామం ప్రపంచ ప్రసిద్ధి చెందినది. చమురు బావుల తవ్వకంలో వాడే ఈ ఖనిజాన్ని ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ వెలికితీస్తున్నది. గ్రామానికి పడమట పాలకొండ, శేషాచలం కొండలు, తూర్పున వెలిగొండలు ఉన్నాయి. మధ్యనున్న లోయలో రైల్వే కోడూరు, రాజంపేట పట్టణాలు, మామిడి, అరటి, బొప్పాయి తోటలు ఉన్నాయి. అందువలన ఒకే ఉపగ్రహ చిత్రంలో అడవి, గని, తోట, బీడు పక్కపక్కనే కనిపిస్తాయి.

కొండలపై ఎక్కువగా క్వార్ట్‌జైట్ శిలలు, వాటిపై పలుచని రాతి నేలలు ఉన్నాయి. ఇటువంటి నేల నీటిని ఎక్కువకాలం నిలుపుకొనలేదు. ఎర్రచందనంతో పాటు చిరుమాను, నల్లమద్ది, తంబ జాలారి, మొగి, వెదురు మొదలైనవి ఈ అడవులలో పెరుగుతాయి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 353 చ.కి.మీ. విస్తీర్ణంలో 1989లో ఏర్పడినది. 2010 సెప్టెంబరు 20న సుమారు 4,756 చ.కి.మీ. ప్రాంతాన్ని శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించారు.

వర్షపాతం, అడవి స్పందన

కడప ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మి.మీ. ఇది రెండు రుతుపవనాలలో కురుస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు వర్షాన్ని ఇస్తాయి. పడమటి మండలాలతో పోల్చితే తూర్పున ఉన్న రాజంపేట, కోడూరు ప్రాంతాలకు ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతపు వాయుగుండాలు ఎక్కువ ముఖ్యం. కర్నూలు వైపు నల్లమల అడవులు ప్రధానంగా నైరుతి వర్షాలపై ఆధారపడగా, శేషాచలం అడవులకు రెండవ వర్షకాలం కూడా తోడవుతుంది.

ఈ తేడా వల్ల ఒకే వాతావరణ ఘటన రెండు అడవులపై వేర్వేరుగా పనిచేయగలదు. పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో ఏర్పడిన సంవత్సరాలలో సాధారణంగా నైరుతి రుతుపవనాలు బలహీనపడతాయి, ఈశాన్య రుతుపవనాలు మాత్రం బలపడే ధోరణి ఉన్నది. 2015లో ఎల్ నినో వల్ల దేశంలో నైరుతి వర్షాలు తగ్గినా, నవంబరులో నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలలో భారీ వర్షాలు కురిశాయి. మరుసటి సంవత్సరం, అనగా 2016లో, దక్షిణ భారతదేశంలో ఈశాన్య రుతుపవనాలు తీవ్రంగా విఫలమయ్యాయి. 2021 నవంబరులో కురిసిన అతి భారీ వర్షాలకు చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినది. ఇటువంటి సంవత్సరాలను పక్కపక్కన పెట్టి పోల్చడం ద్వారా అడవి స్పందనను పరిశీలించవచ్చును. రాయలసీమ మొత్తానికి ఒకే వర్షపాత అంకెను తీసుకొని ఈ కొండల పచ్చదనంతో పోల్చితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

పొడి అడవిలోని చెట్లు నీరు తగ్గినపుడు ఆకులను రాల్చి తేమను కాపాడుకొంటాయి. అందువలన ఆకు రాలడం వ్యాధి లక్షణం కాదు, బ్రతికే ఉపాయం. అనేక జాతులు వర్షాలు రాకముందే, ఏప్రిల్, మే నెలల ఎండలోనే కొత్త చిగురు వేస్తాయి. వేర్ల వద్ద మిగిలిన తేమ, పగటి నిడివి పెరగడం వంటివి దీనికి కారణాలుగా చెబుతారు. కాబట్టి అడవి పచ్చదనం ఆ వారం కురిసిన వర్షాన్ని కాక అంతకు ముందు కొన్ని వారాలు, నెలల తేమను సూచిస్తుంది.

పరిశీలన సూత్రం

ఆకులోని పత్రహరితం ఎర్రని కాంతిని కిరణజన్య సంయోగక్రియ కొరకు గ్రహిస్తుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం ఆకు లోపలి కణజాలం ఎక్కువగా వెనుకకు పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్.డి.వి.ఐ. లేదా వృక్ష సూచిక అంటారు. ఇది -1 నుండి +1 వరకు ఉంటుంది.

ఉదాహరణకు దట్టమైన ఆకులున్న చోట ఎర్రని కాంతిలో 4 శాతం, పరారుణ కాంతిలో 36 శాతం వెనుకకు వచ్చినదనుకుంటే సూచిక 32ను 40తో భాగించగా 0.8 అవుతుంది. అదే చోట ఆకులు రాలిన తరువాత ఆ అంకెలు 12, 20 అయితే సూచిక 8ను 32తో భాగించగా 0.25 అవుతుంది. చెట్లు అన్నీ అక్కడే ఉన్నా సూచిక మూడవ వంతు కన్నా తక్కువకు పడిపోయినది. నీటికి ఈ సూచిక సాధారణంగా సున్న కన్నా తక్కువగా, బీడు నేలకు 0.1, 0.2 ప్రాంతంలో ఉంటుంది.

ఒక్క చిత్రం వల్ల అడవి స్పందన తెలియదు. ఏడాది పొడవునా తీసిన చిత్రాలను వరుసగా పేర్చితే పచ్చదనం ఎప్పుడు మొదలైనదో, ఎప్పుడు పతాకస్థాయికి చేరినదో, ఎప్పుడు తగ్గినదో గ్రాఫుగా వస్తుంది. అనేక సంవత్సరాలలో ఒకే పక్షానికి వచ్చిన విలువల సగటును కట్టి, పరిశీలించే సంవత్సరపు విలువ దానికంటే ఎంత ఎక్కువో తక్కువో చూస్తారు. కరువు సంవత్సరంలో సూచిక తగ్గడం కంటే, తరువాతి మంచి వర్షాల సంవత్సరంలో అది తిరిగి పాత స్థాయికి వచ్చినదా లేదా అన్నదే ముఖ్యమైన ప్రశ్న. తిరిగి వస్తే చెట్లు ఆకులను మాత్రమే కోల్పోయినట్లు, రాకపోతే చెట్లనే కోల్పోయి ఉండవచ్చునని అర్థం.

ఉపయోగించే ఉపగ్రహాలు

1972 జూలై 23న అమెరికా ప్రయోగించిన మొదటి ల్యాండ్‌శాట్‌తో భూమిని క్రమంగా చిత్రించడం మొదలైనది. భారతదేశపు మొదటి సుదూర గ్రహణ ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్-1ఎ 1988 మార్చి 17న బైకనూరు నుండి వెళ్ళినది. హైదరాబాదులోని జాతీయ సుదూర గ్రహణ సంస్థ (ఎన్.ఆర్.ఎస్.ఎ.) 2008 సెప్టెంబరు 1 నుండి ఇస్రోలో భాగమై ఎన్.ఆర్.ఎస్.సి. అయినది. భారత ఉపగ్రహాల చిత్రాలను దీని షాద్‌నగర్ కేంద్రం స్వీకరిస్తుంది.

ఉపగ్రహాన్ని ఎన్నుకొనడంలో రెండు విషయాలను చూస్తారు. ఒకటి చిత్రంలోని ఒక్కొక్క గడి (పిక్సెల్) నేలపై ఎంత మేరకు సమానమన్నది. రెండవది అదే చోటును మరల ఎన్ని రోజులకు చూస్తుందన్నది. ముఖ్యమైనవి ఇవి:

* ఎ.వి.హెచ్.ఆర్.ఆర్. – సుమారు 1.1 కి.మీ. గడి. ప్రతిదినం చూస్తుంది. 1980ల నుండి దీర్ఘకాల సమాచారం ఉన్నది.
* మోడిస్ – 1999లో టెర్రా, 2002లో ఆక్వా ఉపగ్రహాలపై వెళ్ళినది. 250 మీటర్ల గడి, అనగా సుమారు 15 ఎకరాలు. 16 రోజులకొక వృక్ష సూచిక చిత్రం లభిస్తుంది.
* రిసోర్స్‌శాట్ – మొదటిది 2003 అక్టోబరు 17న, రెండవది 2011 ఏప్రిల్ 20న, 2ఎ 2016 డిసెంబరు 7న వెళ్ళాయి. లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు, 24 రోజులకొకసారి. ఎ.డబ్ల్యు.ఐ.ఎఫ్.ఎస్. (ఆవిఫ్స్) గడి 56 మీటర్లు, 5 రోజులకొకసారి.
* ల్యాండ్‌శాట్ – 30 మీటర్ల గడి, 16 రోజులకొకసారి. 2008 నుండి చిత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి.
* సెంటినెల్-2 – ఐరోపా ఉపగ్రహాల జంట, మొదటిది 2015లో వెళ్ళినది. 10 మీటర్ల గడి. రెండూ కలిసి 5 రోజులకొకసారి చూస్తాయి.

పెద్ద గడి గల ఉపగ్రహం తరచుగా చూస్తుంది గాని అడవిని, పక్కనున్న తోటను ఒకే గడిలో కలిపివేస్తుంది. చిన్న గడి గలది వివరంగా చూపుతుంది గాని మేఘం అడ్డువస్తే ఆ రోజు చిత్రం వృథా అవుతుంది. అందువలన పరిశోధకులు రెండు రకాలనూ కలిపి వాడతారు.

చిత్రం తీసిన తేదీ

భారత అటవీ సర్వేక్షణ సంస్థ (డెహ్రాడూన్) 1987 నుండి సాధారణంగా రెండేళ్ళకొకసారి దేశపు అటవీ నివేదికను వెలువరిస్తున్నది. చెట్ల నీడ నేలను కప్పిన శాతాన్ని బట్టి 70 శాతం పైన అతి దట్టమైన అడవి, 40 నుండి 70 వరకు మధ్యస్థ అడవి, 10 నుండి 40 వరకు పలుచని అడవి, 10 లోపు పొదల అడవి అని విభజిస్తారు. ఆకురాల్చు అడవులు ఆకుతో ఉండాలన్న ఉద్దేశంతో ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు తీసిన చిత్రాలను ఎన్నుకొంటారు.

దేశంలోని చాలా భాగాలకు ఆ నెలలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. శేషాచలం ప్రాంతానికి మాత్రం అదే ఈశాన్య రుతుపవనాల కాలం, కొండలపై మేఘాలు కమ్ముకొని ఉంటాయి. జనవరి దాటిన తరువాత చిత్రం తీసుకుంటే ఆకు రాలడం మొదలవుతుంది. ఒక సంవత్సరం నవంబరు చిత్రాన్ని, మరొక సంవత్సరం ఫిబ్రవరి చిత్రాన్ని పోల్చినట్లయితే, ఒక్క చెట్టు పోకపోయినా దట్టమైన అడవి పలుచనైనట్లు కనిపించగలదు.

కొండ నీడ మరొక చిక్కు. ఈ ఉపగ్రహాలు సాధారణంగా ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతాయి. డిసెంబరులో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయంలో ఉండడం వల్ల వాయవ్యం వైపు వాలులు నీడలో పడతాయి. కార్టోశాట్-1 (2005), అమెరికా షటిల్ రాడార్ (2000) వంటి వాటి ద్వారా తయారైన ఎత్తుల పటాల సహాయంతో ఈ నీడను సవరిస్తారు.

పాత, కొత్త నివేదికల అంకెలను కూడా నేరుగా పోల్చరాదు. 1987 నివేదికకు 80 మీటర్ల గడి గల చిత్రాలను వాడి, 400 హెక్టార్ల కన్నా చిన్న అడవిని గుర్తించలేదు. తరువాతి నివేదికలలో ఒక హెక్టారు అడవిని కూడా లెక్కించారు.

వాతావరణ ప్రభావాన్ని వేరుచేయుట

పచ్చదనం తగ్గడానికి, పెరగడానికి వాతావరణం ఒక్కటే కారణం కాదు. మంగంపేట పరిసరాలలో ఈ కింది వాటిని ముందుగా గుర్తించి పక్కనపెట్టవలసి ఉంటుంది.

గనులు: గని గోతులు, తవ్విపోసిన మట్టిగుట్టలు అన్ని ఋతువులలోనూ వృక్షాలు లేని నేలగా కనిపిస్తాయి. అడవి సూచిక వర్షంతో పాటు ఏటా పెరిగి తగ్గుతుండగా, గని సూచిక దాదాపు సమంగా ఉంటుంది. ఈ లక్షణం వల్ల గనిని సులభంగా వేరుచేయవచ్చును. గని పొడి పరిసర ఆకులపై పేరుకొంటే వాటి సూచిక కూడా తగ్గే అవకాశమున్నది. అటువంటి తగ్గుదలను కరువు ఖాతాలో వేయకూడదు.

పండ్లతోటలు: నీటి వసతి గల మామిడి, అరటి తోటలు ఏప్రిల్ చిత్రంలో కూడా పచ్చగా కనిపిస్తాయి. అటవీ నివేదికలో ఒక హెక్టారుకు మించి, 10 శాతానికి పైగా చెట్ల నీడ ఉన్న భూమినంతటినీ, యజమాని ఎవరైనా, అటవీ ఆచ్ఛాదనగా లెక్కిస్తారు. కనుక తోటలు పెరిగినప్పుడు ఆచ్ఛాదన పెరిగినట్లు నమోదు కావచ్చును. అది కొండ అడవి కోలుకున్నదనడానికి సాక్ష్యం కాదు. 2019లో నేచర్ సస్టెయినబిలిటీ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 తరువాత భారతదేశంలో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంటభూములదే, అడవుల వాటా 4 శాతం మాత్రమే.

కార్చిచ్చు: 2014 మార్చిలో తిరుమల సమీపంలోని శేషాచలం అడవులలో పెద్ద మంటలు వ్యాపించగా వాయుసేన హెలికాప్టర్లతో నీరు చల్లి ఆర్పారు. అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి మోడిస్ ద్వారా మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుతున్నది. తరువాత 375 మీటర్ల గడి గల వి.ఐ.ఐ.ఆర్.ఎస్. సమాచారం తోడైనది. కాలిన చోటు మొదట నల్లగా కనిపించి, వర్షాలు పడగానే గడ్డితో పచ్చబడుతుంది. వృక్ష సూచిక కోలుకున్నా లేత మొక్కలు నశించి ఉండవచ్చును.

ఎర్రచందనం నరికివేత: దొంగలు అడవినంతటినీ కాక విలువైన చెట్లను ఏరి నరుకుతారు. ఒక చెట్టు కొమ్మల వ్యాప్తి కొన్ని మీటర్లు మాత్రమే. ల్యాండ్‌శాట్ గడి 900 చదరపు మీటర్లు. ఒక చెట్టు పోయినా పక్క చెట్ల ఆకులు, కింది పొదలు ఆ గడిని పచ్చగానే ఉంచుతాయి. అందువలన సూచిక స్థిరంగా ఉన్న అడవి కూడా ముదురు చెట్లను కోల్పోతూ ఉండవచ్చును. ఉపగ్రహ పరిశీలనకు ఇది అన్నిటికన్నా పెద్ద పరిమితి.

సాగు: కడప జిల్లాలోని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంలో, దాని పరిసరాలలో కలివికోడి నివసించే చిట్టడవిని 1991, 2000 సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలతో పోల్చిన అధ్యయనం 2007లో ఐబిస్ పత్రికలో వెలువడినది. చిట్టడవి తగ్గడానికి ప్రధాన కారణం అది సాగుభూమిగా మారడమేనని తేలినది. అంటే ఇక్కడ అడవిని తగ్గించినది కరువు కాదు, నాగలి.

అమెజాన్ అనుభవం

పచ్చదనాన్ని అర్థం చేసుకొనడంలో ఎంత జాగ్రత్త అవసరమో అమెజాన్ అడవుల విషయంలో స్పష్టమైనది. 2005 కరువులో ఆ అడవులు మరింత పచ్చబడినట్లు మోడిస్ చిత్రాల ఆధారంగా 2007లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. మేఘాలు, పొగ వల్ల పాడైన గడులను తొలగిస్తే ఆ పచ్చదనం కనిపించలేదని 2010లో మరొక బృందం తెలిపినది. ఎండకాలంలో కనిపించే పచ్చదనం సూర్యుడు, ఉపగ్రహం ఉన్న కోణాల వల్ల ఏర్పడినదని 2014లో నేచర్ పత్రికలో వాదించారు. నేలపై నుండి ఆకులను గమనించిన పరిశోధకులు 2016లో, ఎండకాలంలో పాత ఆకులు పోయి లేత ఆకులు రావడం నిజమేనని, అందువల్ల కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుందని చూపారు. ఒకే అడవి, ఒకే ఉపగ్రహం నుండి భిన్నమైన నిర్ణయాలు వచ్చాయి. వాటిని పరిష్కరించడానికి చివరకు అడవిలోకి వెళ్ళి చూడవలసి వచ్చినది.

క్షేత్ర పరిశీలన

ఉపగ్రహ ఫలితాన్ని నేలపై సరిచూడడాన్ని క్షేత్ర నిర్ధారణ అంటారు. కొండలో నిర్దిష్టమైన చదరాలను గుర్తించి, వాటిలోని చెట్ల జాతి, చుట్టుకొలత, ఎత్తు కొలిచి, ఏ నెలలో ఆకు రాలినది, ఏ నెలలో చిగురించినది నమోదు చేస్తారు. జి.పి.ఎస్. ద్వారా ఆ చోటును చిత్రంలోని గడితో కలుపుతారు. వర్షపాతానికి భారత వాతావరణ శాఖ 1901 నుండి తయారుచేసిన 0.25 డిగ్రీల గడుల సమాచారాన్ని వాడతారు. ఆ గడి సుమారు 27 కి.మీ. పొడవు ఉంటుంది కనుక కొండ తూర్పు వాలుకు, పడమటి వాలుకు మధ్య ఉన్న తేడాను అది సరిగా చూపలేదు. దగ్గరలోని మండల వర్షమాపకాల లెక్కలను కూడా చూడడం మంచిది.

రాడార్, లేజర్ పద్ధతులు

రాడార్ తరంగాలు మేఘాల గుండా ప్రయాణిస్తాయి కనుక ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇవి ఎంతో ఉపయోగకరం. ఐరోపా వారి సెంటినెల్-1 2014లో మొదలైనది. అమెరికా, భారతదేశాలు కలిసి నిర్మించిన నైసార్ ఉపగ్రహాన్ని 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. దీనిలోని పొడవైన ఎల్-బ్యాండ్ తరంగాలు ఆకులను దాటి కొమ్మలను, మానులను తాకి తిరిగి వస్తాయి. కనుక ఆకు రాలిన అడవిలో కూడా కలప ఎంత ఉన్నదో అంచనా వేయడానికి ఇవి తోడ్పడతాయి. 2018 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి చేరిన జెడి అనే పరికరం లేజర్ కిరణాలతో చెట్ల ఎత్తును కొలిచినది. పచ్చదనం, ఎత్తు, కలప అనే మూడు కొలతలను కలిపి చూసినప్పుడు ఆకు రాలడానికి, చెట్టు పోవడానికి మధ్య తేడా తెలుస్తుంది.

ప్రాముఖ్యత

ఎర్రచందనం చాలా పరిమితమైన ప్రాంతంలో పెరిగే చెట్టు. ఉష్ణోగ్రత పెరిగినా, వర్షకాలం మారినా అది తరలిపోగల కొండలు ఎక్కువ లేవు. 1995 నుండి దీని వ్యాపారం సైటెస్ ఒప్పందపు రెండవ అనుబంధం కింద నియంత్రణలో ఉన్నది. మంటల కాలాన్ని ముందుగా అంచనా వేయడం, కరువు తరువాత కోలుకోని వాలులను గుర్తించి కాపాడడం, చెయ్యేరు వంటి ఏరులకు నీరందించే కొండలను పరిరక్షించడం ఈ అధ్యయనాల వల్ల కలిగే ప్రయోజనాలు. కరువు వల్ల ఎండిన అడవిని, నరికివేత వల్ల పలుచనైన అడవిని ఒకటిగా భావిస్తే చేపట్టే చర్య కూడా తప్పుతుంది. మొదటిదానికి కాలం, నీరు కావాలి. రెండవదానికి కాపలా కావాలి.

చిత్రాల లభ్యత

ఎన్.ఆర్.ఎస్.సి. 2009 ఆగస్టులో ప్రారంభించిన భువన్ ద్వారా భారత ఉపగ్రహాల చిత్రాలను చూడవచ్చును, కొన్నిటిని ఉచితంగా పొందవచ్చును. ల్యాండ్‌శాట్, సెంటినెల్, మోడిస్ చిత్రాలు కూడా ఉచితమే. ఉచితంగా లభించే క్యూజిస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో విద్యార్థులు సొంతంగా వృక్ష సూచికను లెక్కించవచ్చును. ఒకే ప్రాంతపు డిసెంబరు, ఏప్రిల్ చిత్రాలను తీసుకొని కొండ అడవి, కోడూరు తోట, మంగంపేట గని అనే మూడు చోట్ల సూచికను పోల్చడం ఈ విషయాన్ని నేర్చుకొనడానికి సులభమైన అభ్యాసం.

ఇవి కూడా చూడండి

* శేషాచలం కొండలు
* ఎర్రచందనం
* మంగంపేట
* నల్లమల అడవులు
* కలివికోడి
* భారత అంతరిక్ష పరిశోధన సంస్థ